బీరువా అద్దంలో పిన్నిగారు

మా అత్తగారు అద్దంలో తన ముఖాన్ని పోల్చుకోలేకపోయిన రోజుల్లోనే నేను, మనలోపల ఉన్న దేవుణ్ణి పోల్చుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఒకదాని తరవాత ఒకటి చదువుతూ ఉన్నాను. రెండూ ఒకే ఇంట్లో జరిగాయి. ఒకదానికీ ఇంకొకదానికీ ఏదైనా సంబంధం ఉండొచ్చని అప్పట్లో నాకు తోచలేదు. తోచడానికి కొంచెం తీరిక కావాలి. నాకు అది లేదు.

మేముండేది విజయవాడ గవర్నర్‌పేటలో, హోల్‌సేల్ కొట్ల పైన, రెండో అంతస్తులో. పొద్దున షట్టర్లు లేచిన దగ్గర్నుంచీ అట్టపెట్టెలు దించే చప్పుడు, ఆటోల హారన్లు, హమాలీల కేకలు. మా ఆయన అదే వీధిలో ఎలక్ట్రికల్ సామాను కొట్లో బిల్లింగు చూస్తారు. మా అమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. ఆయన, నేను, ఆయన తల్లి.

నాది పదో తరగతి చదువు. ఆ తరవాత చదివిందంతా మా వీధి మలుపులో ఉన్న గ్రంథాలయంలోనే. ఈ మాట నేను కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. కాలేజీకి వెళ్ళినవాళ్ళు పరీక్ష అయిపోగానే పుస్తకం మూసేశారు. నాకు పరీక్ష లేదు కాబట్టి మూయాల్సిన అవసరం రాలేదు. మొదట్లో నవలలు తెచ్చుకునేదాన్ని. అవి అయిపోయాక ‘ఆధ్యాత్మికం’ అని చీటీ అంటించిన బీరువా దగ్గరికి వెళ్ళాను. పుస్తకాలిచ్చే ఆయన ఒకరోజు తాళం తీస్తూ అన్నాడు.

“ఈ బీరువా మొత్తం మీరే చదివేశారండీ. మీ తరవాత ఎక్కువ చదివింది చెదపురుగులే.”

“వాటికేమన్నా అర్థమైందాండీ?” అన్నాను.

“పొట్ట నిండిందండీ. మీకో?”

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు చాలా మాటలు తెలుసు. లోపలుండి అన్నీ చూసే సాక్షి అంటే ఏమిటో చెప్పగలను. మనిషి చుట్టూ ఉన్న అయిదు పొరలను వరసగా చెప్పగలను. అన్నంతో అయిన పొర, ఊపిరితో అయిన పొర, మనసుతో అయిన పొర, ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ పోతే ఆఖరున ఉన్నవాడే దేవుడని, ఆయన్ను బయట వెతకడం అమాయకత్వమని, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పేదాన్ని. వాళ్ళు తలూపి, కాసేపటికి వేరే కుర్చీలోకి మారిపోయేవాళ్ళు.

చెప్పడం వచ్చింది గానీ చూడడం రాలేదు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, వంటింటి గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని. లోపలికి చూడమన్నారు. చూస్తే నిద్ర వచ్చేది. నిద్ర రాని రోజున పాల ప్యాకెట్టు, నీళ్ళ మోటారు, అత్తగారి పక్క దుప్పట్లు ఉతకడం, ఇవే వచ్చేవి. మొదటి పొర అన్నంతో అయింది కదా, అక్కడ ఆగక్కర్లేదు, అది మరీ పైపైది అని చదివాను. నేను ఆ పైపైదాని దగ్గరే ఉండగా కుక్కరు కూత వేసేది.

అత్తగారి జబ్బు మెల్లగా వచ్చింది. మొదట పేర్లు పోయాయి. తరవాత రోజులు పోయాయి. ఆ తరవాత మనుషులు. డాక్టరుగారు దాన్ని డిమెన్షియా అన్నారు. తగ్గేది కాదని, ఒక్కో పనీ మరిచిపోతూ వస్తారని, చివరికి తినడం కూడా మరిచిపోవచ్చని, మనసు గట్టి చేసుకోమని చెప్పారు. ఆ తిండి మాటను మేమిద్దరం బాగా గుర్తుపెట్టుకున్నాం. అలా గుర్తుపెట్టుకోవడమే తరవాత మమ్మల్ని తప్పుదారి పట్టించింది.

నన్ను ఆవిడ “ఎవరమ్మాయివే నువ్వు?” అని అడిగేది. “మీ కోడలినండీ” అంటే, “నాకింకా పిల్లాడే పుట్టలేదు, కోడలెక్కడిది?” అని నవ్వేది. ఆవిడ లెక్కలో ఆవిడకు పాతికేళ్ళు. ఉన్నది చల్లపల్లిలో. మా మామగారు అక్కడి బళ్ళో పనిచేసేవారు. పనుల మీద ఆ ఊరొచ్చిన బంధువులంతా మధ్యాహ్నానికి వాళ్ళింట్లోనే దిగేవారు. అందువల్ల ఆవిడకో అలవాటు పడింది. కంచం ముందు కూర్చోబోయే ముందు వీధి గుమ్మంలోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, ఎవరూ రావడం లేదని తేల్చుకున్నాకే ముద్ద కలిపేది. విజయవాడ వచ్చాక కూడా మానలేదు. రెండో అంతస్తు బాల్కనీలోంచి వీధిలోకి చూసి, “ఎవరన్నా వస్తున్నారా?” అనుకుని లోపలికి వచ్చేది. కింద బస్తాలు మోసేవాళ్ళు తలెత్తి చూస్తారని మా ఆయన విసుక్కునేవారు.

నేను ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఉండేదాన్ని. పుస్తకాల్లో చదివిందాన్ని ఆవిడ దగ్గర సరిచూసుకోవాలని ఉండేది. గుర్తులు పోయినా, బుద్ధి పోయినా, లోపల చూసేవాడొకడు చెక్కుచెదరకుండా ఉంటాడట. ఉంటే ఎక్కడ? ఆవిడ కళ్ళు కిటికీ వైపు చూసేవి, ఫ్యాను వైపు చూసేవి, నన్ను దాటి గోడను చూసేవి. నాకేమీ కనిపించేది కాదు. లేచి పక్క దుప్పటి మార్చేదాన్ని.

ఆవిడ గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. ఆవిడ కాపురానికి తెచ్చుకున్నదే. దాని తలుపుకు నిలువుటద్దం. ఒకరోజు మధ్యాహ్నం నేను మజ్జిగ కలుపుతుంటే గదిలోంచి మాటలు వినిపించాయి. ఎవరొచ్చారా అని వెళ్ళి చూస్తే, మా అత్తగారు అద్దం ముందు ఒద్దికగా నిలబడి, చెంగు భుజం మీదికి లాక్కుని, “రండి పిన్నిగారూ, ఎండన పడి వచ్చారు. కాళ్ళు కడుక్కోండి” అంటోంది.

తనకు పాతికేళ్ళు కదా. అద్దంలో ఉన్నది తల నెరిసిన పెద్దావిడ. అందుకని పిన్నిగారు.

నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన నవ్వలేదు.

పిన్నిగారు రోజూ వచ్చేవారు. నిజానికి ఆవిడ వచ్చిన రోజుల్లో నా పని కొంచెం తేలికైంది. మా అత్తగారు నా వెంట వంటింట్లోకి వచ్చి గ్యాసు తిప్పడం మానేసింది. అద్దం ముందు కుర్చీ వేసుకుని ఊరి కబుర్లు చెప్పేది. పిన్నిగారు ఎదురు చెప్పే మనిషి కాదు. తలూపితే తలూపేది, నవ్వితే నవ్వేది. అన్నం పెడితే అక్కడే కూర్చుని తినేది. తింటూ తింటూ ఒకరోజు ముద్ద తీసి అద్దానికి పెట్టింది. తీసుకోలేదని ఇంకొంచెం నొక్కింది. పప్పు జారి బీరువా మీదంతా కారింది. సరిగ్గా అప్పుడే మా ఆయన భోజనానికి వచ్చారు.

గుమ్మంలోనే ఆగిపోయారు. తరవాత అల్మారాలోంచి పాత దుప్పటి తీసి, బీరువా మీద నుంచి కిందిదాకా కప్పి, పురికొసతో చుట్టి కట్టేశారు.

“ఏమండీ, ఆవిడకు కాలక్షేపమండీ అది” అన్నాను.

“మా అమ్మ అద్దానికి అన్నం పూస్తుంటే నేను చూడలేనే” అన్నారు. “రేపు అద్దం మీద పడితే? పగిలితే?”

ఆయన అన్నదీ నిజమే. ఇలాంటి జబ్బులో అద్దాలు కప్పి ఉంచమని ఆసుపత్రిలో కూడా ఎవరో చెప్పారట. ఆ పూట మా అత్తగారు కప్పిన బీరువా వైపు చూస్తూ కూర్చుంది. నేను మరక పడ్డ నేల తుడిచాను.

ఆ తరవాత ఆవిడ తిండి తగ్గింది. మొదట సగం కంచం వదిలేసేది. తరవాత రెండు ముద్దలు. తరవాత నోటి దగ్గరికి చెయ్యి తీసుకెళితే పెదాలు బిగించి మొహం తిప్పుకునేది. జావ కాచాను, పాలల్లో బ్రెడ్డు నానబెట్టాను, ఇష్టమని అరిటిపండు మెత్తగా నలిపి పెట్టాను. బతిమాలాను. ఓసారి గట్టిగా కసిరాను కూడా. ఆవిడ చిన్నపిల్లలా వణికింది తప్ప నోరు తెరవలేదు. డాక్టరుగారు ముందే చెప్పారు కదా, జబ్బు ఆ మెట్టుకు వచ్చిందని మేము అనుకున్నాం. మనిషి కళ్ళముందే చిక్కిపోయింది. రైకలు వదులైపోయాయి.

ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరుగారు చూసి, “ఇంకొద్ది రోజులు చూడండి. లేకపోతే ముక్కులోంచి గొట్టం వేద్దాం, పాలూ జావా దాంట్లోంచే పోయొచ్చు” అన్నారు. ఆవిడ గొట్టం పీక్కోకుండా చేతులు కట్టాల్సి రావచ్చని నర్సు పక్కకు పిలిచి చెప్పింది. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ మా ఆయన తల్లి చేతుల్నే చూస్తూ కూర్చున్నారు.

సంగతి తెలిసి చల్లపల్లి నుంచి మా వదినగారు బస్సెక్కి వచ్చింది. మా ఆయనకు అక్క. గట్టి గొంతు, గట్టి భక్తి. దారిలోనే దిగి కొండ మీదికి వెళ్ళి అమ్మవారి కుంకుమా ప్రసాదమూ తెచ్చింది. వస్తూనే తల్లి నుదుట కుంకుమ పెట్టి, పులిహోర మెతుకులు నోట్లో పెట్టబోయింది. ఆవిడ మొహం తిప్పుకుంది.

“అమ్మవారి ప్రసాదమే, కాదనకూడదు” అంది వదిన. ఆవిడ పెదాలు ఇంకా బిగించింది.

వదిన వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. గ్రంథాలయం పుస్తకం బియ్యం డబ్బా మీద ఉంది. దాన్ని తిరగేసి చూసింది.

“ఏమే, ఇన్ని చదువుతావు కదా. అమ్మ చేత రెండు ముద్దలు తినిపించే ఉపాయం ఒక్కదాంట్లోనూ రాయలేదా?”

“ఉపాయాలు వంటల పుస్తకాల్లో ఉంటాయి వదినా.”

“అయితే అవే తెచ్చుకోవాల్సింది.”

ఇంకో రోజైతే నేను జవాబు చెప్పేదాన్ని. గుళ్ళో ఉన్నవాడూ మనలో ఉన్నవాడూ ఒకడే అనీ, కొండెక్కడం మొదటి తరగతి అయితే లోపలికి చూడడం పై తరగతి అనీ మా ఇద్దరికీ ఎన్నేళ్ళుగానో వాదన. ఆరోజు నాకు ఓపిక లేదు. అన్నం వార్చి, ముద్దపప్పులో నెయ్యి వేసి, పళ్ళెం పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళాను. వదిన నా వెనకే వచ్చింది.

అత్తగారు మంచం మీద కూర్చుని దుప్పటి కప్పిన బీరువా వైపే చూస్తోంది. పళ్ళెం చూడగానే కంగారుగా అటూ ఇటూ చూసి, నన్నడిగింది.

“పిన్నిగారు తిన్నారా?”

“ఎవరండీ?”

“ఆవిడే. భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. నేనేమన్నానో ఏమో. ఏమనుకుంటారు మన గురించి, ఇంటికి పిలిచి పస్తు పంపించారని అనుకోరూ?”

ఆ మాటలు విన్నాక కాని నాకు సంగతి అర్థం కాలేదు. ఆవిడ తినడం మరిచిపోలేదు. ఇంటికొచ్చిన మనిషి ఆకలితో ఉండగా తను తినకూడదన్నది మరిచిపోలేదు. మేము అద్దం కప్పిన రోజు నుంచీ ఆవిడ ఎదురుచూస్తోంది. ఆవిడ జ్ఞాపకంలోంచి పిల్లలు పోయారు, మొగుడు పోయాడు, ఊరూ పేరూ పోయాయి. ఇది పోలేదు.

అర్థమైనా నేను వెంటనే చెయ్యాల్సింది చెయ్యలేదు. ఏళ్ళ తరబడి చదివింది నోటిదాకా వచ్చేసింది. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదనిపించింది. మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాను.

“అత్తయ్యా, పిన్నిగారు ఎక్కడికీ పోలేదు. ఆవిడ మీలోనే ఉన్నారు. మీరు తింటే ఆవిడ తిన్నట్టే.”

మా అత్తగారు నా మొహంలోకి తేరిపార చూసింది. జబ్బు వచ్చాక అంత స్పష్టంగా చూడడం అదే మొదలు.

“అదేం మాటమ్మాయ్? ఇంటికొచ్చిన మనిషికి పెట్టకుండా నేను మింగితే ఆవిడ తిన్నట్టా? ఎవరు నేర్పారే నీకిట్టాంటి బుద్ధులు?”

వెనక వదిన పకపకా నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. “బాగా అడిగావమ్మా. ఇన్నాళ్ళూ నాకు అడగడం చేత కాలేదు” అంది.

నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆవిడ అన్నదాంట్లో ఒక న్యాయం ఉంది. దేవుడు అందరిలో ఉన్నాడని చెప్పేసి చేతులు దులుపుకోవడం ఎంత సులువో నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

పళ్ళెం కింద పెట్టి బీరువా దగ్గరికి వెళ్ళి, పురికొస ముడి విప్పబోయాను. గట్టిగా బిగుసుకుపోయింది. వదిన వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చింది. ఇద్దరం కలిసి కోశాం. దుప్పటి కిందికి జారింది. అద్దం మీద ఆనాటి పప్పు ఒక మూల అట్టకట్టి అలాగే ఉంది.

మా అత్తగారు ఒక్క ఉదుటున లేవబోయింది. కాళ్ళల్లో బలం లేదు. ఇద్దరం పట్టుకుని అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టాం.

“వచ్చారా పిన్నిగారూ!” అంది. “ఎట్టా చిక్కిపోయారో చూడండి. ఎవరూ పెట్టలేదా మీకు?”

ఆ మాటకు వదిన గోడ వైపు తిరిగి నిలబడింది.

ఒళ్ళో పళ్ళెం పెట్టాను. ఆవిడ ముద్ద కలిపింది. కలిపి ఆగింది. అద్దం వైపు చూసి, “కానివ్వండి” అంది. అద్దంలో ఆవిడా ముద్ద పట్టుకుని కూర్చుంది. “మొహమాటపడకండి, కానివ్వండి” అంది మళ్ళీ. అక్కడా అదే మర్యాద. ఒకరు మొదలుపెట్టందే ఇంకొకరు మొదలుపెట్టరు. ఇంత చేసి ఈ మర్యాద దగ్గర ఆగిపోతుందా అనుకున్నాను. ముద్ద చల్లారిపోతోంది. ఆవిడ చెయ్యి అద్దం వైపు కదలబోతోంది.

అప్పుడు వదిన ముందుకొచ్చి, పెళ్ళి పంక్తుల్లో పెద్దవాళ్ళు కేకేసినట్టు, గది అదిరేలా అంది.

“వడ్డన అయిందండోయ్! అందరూ ఒక్కసారే కానివ్వండి! ఆలస్యం చెయ్యొద్దు, వెనక పంక్తి వాళ్ళు కాచుకున్నారు!”

మా అత్తగారు గబుక్కున ముద్ద నోట్లో పెట్టుకుంది. అద్దంలో ఆవిడా పెట్టుకుంది. నమిలింది. ఆవిడా నమిలింది. మా అత్తగారి మొహం అంతా విచ్చుకుంది. “పప్పు బాగుందా అండీ?” అని తలూపింది. బాగుందని అటునుంచి తల ఊగింది. ఇంకో ముద్ద. ఇంకొకటి. పళ్ళెంలో సగం పైన తినేసింది. మారు వడ్డించమని నాకు సైగ చేసింది, తనకు కాదు, పిన్నిగారికి.

ఒకే ఒంట్లో ఇద్దరుంటారని, ఒకరు తింటూ ఉంటే ఇంకొకరు తినకుండా చూస్తూ ఉంటారని నేను ఎక్కడో చదివాను. ఆ చూసేవాణ్ణి పట్టుకోవాలనే నా తాపత్రయమంతా. మా ఇంట్లో ఇద్దరూ తిన్నారు. అంతకంటే దీన్ని గురించి నాకు ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. కింద పడి ఉన్న దుప్పటి చూసి మొహం మార్చుకున్నారు. ఏదో అనబోతే వదిన ఖాళీ పళ్ళెం చూపించింది. “అమ్మే తింది. తన చేత్తో.” ఆయన నమ్మలేదు. సాయంత్రం కొట్లోంచి తొందరగా వచ్చి, గది గుమ్మం పక్కన నిలబడి తనే చూశారు. తల్లి ఇడ్లీ తుంచుకుని తింటూ, “మీ ఊళ్ళో వర్షాలు పడ్డాయా పిన్నిగారూ?” అని అడగడం విన్నారు. వెళ్ళి కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నారు. మర్నాడు పనికి వెళ్ళేముందు పాత పేపరు తడిపి బీరువా అద్దం తుడిచారు. అప్పటినుంచీ అది ఆయన పని. ఎవరూ చెప్పలేదు.

గొట్టం అవసరం పడలేదు. డాక్టరుగారికి అద్దం సంగతి చెబితే, “పనిచేసినన్నాళ్ళు పనిచెయ్యనివ్వండి” అన్నారు. వదిన నాలుగు రోజులుండి చల్లపల్లి వెళ్ళిపోయింది. బస్సెక్కుతూ, “పిన్నిగారిని అడిగానని చెప్పు” అంది.

ఇలా రాస్తుంటే మా కష్టాలన్నీ తీరిపోయినట్టు ఉంది. ఏమీ తీరలేదు. మా అత్తగారికి ఒక్క పేరూ తిరిగి గుర్తు రాలేదు. పక్క తడపడం మానలేదు. సాయంత్రమయ్యేసరికి ఇంటికి వెళ్ళిపోతానని గుమ్మం దగ్గర గొడవ చేసేది. నేను అందరికంటే ముందు లేచి, అందరి తరవాత తిని, వంటింట్లో నిలబడే తిని, మళ్ళీ పక్క దుప్పట్లు నానబెట్టేదాన్ని. తెల్లవారుజామున గోడకానుకుని కళ్ళు మూసుకోవడం మానేశాను. మానాలని మానలేదు. లేవలేకపోయాను, అంతే. బియ్యం డబ్బా మీది పుస్తకం గడువు దాటి అలాగే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి. ఇన్నేళ్ళు లోపలికి పోదామని చూసినదాన్ని, అన్నంతో అయిన మొదటి పొర బరువే మోయలేక కూర్చున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండలు మండుతున్న రోజులు. అత్తగారిని అద్దం ముందు కూర్చోబెట్టి, పళ్ళెం ఇచ్చి, వెనక నిలబడి విసనకర్రతో విసురుతున్నాను. ఆవిడ నాలుగు ముద్దలు తిని ఆగింది. అద్దంలోకి కళ్ళు చికిలించి చూసింది. మళ్ళీ మొదలుపెట్టిందేమిటా అనుకున్నాను.

“పిన్నిగారూ, మీ వెనక ఆ అమ్మాయి ఎవరండీ?”

పిన్నిగారు చెప్పలేదు.

“పొద్దుటినుంచీ నిలబడే ఉంది పాపం. అన్నం తిన్న మొహంలా లేదు. మీతో వచ్చిన పిల్లేనా?”

ఎవరా అని నేనూ చూశాను. నిజంగానే ఎవరా అని చూశాను. జుట్టు చెదిరిపోయి, చెమటకు బొట్టు కారిపోయి, చెంగు బొడ్లో దోపుకుని, కళ్ళ కింద నల్లటి వలయాలతో ఒకావిడ చేతిలో విసనకర్ర పట్టుకుని నిలబడి ఉంది. రోజూ ఆ అద్దం ముందే తిరుగుతూ ఉన్నా ఆవిడను నేను చూసి చాలా కాలమైంది. ఆవిడకు ఆకలేస్తోందని చూస్తేనే తెలుస్తోంది. లోపల ఉన్నవాడి కోసం అంతగా వెతికిన నాకు, ఆవిడకు ఎవరైనా అన్నం పెట్టారో లేదో అడగాలని తోచలేదు.

మా అత్తగారు పళ్ళెంలో ఉన్న పప్పన్నం మెత్తగా కలిపింది. చిన్న ముద్ద చేసింది. కుర్చీలోంచి ముందుకు వంగి, పిన్నిగారి భుజం పక్కనుంచి చెయ్యి చాచి, అద్దంలో నా నోరున్నచోట ఆ ముద్ద పెట్టింది.

“తిను తల్లీ” అంది. “సిగ్గుపడకు. ఇది నీ ఇల్లే అనుకో.”

నాకు తెలియకుండానే నేను నోరు తెరిచాను. అద్దంలో ఆవిడా తెరిచింది. పప్పు అద్దం మీద నుంచి మెల్లగా కిందికి జారింది.

“తింటోందండీ” అంది మా అత్తగారు, పిన్నిగారితో, సంతోషంగా.

నేను విసనకర్ర కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి నా కంచం తెచ్చుకున్నాను. ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని అన్నం కలుపుకున్నాను. పప్పు చల్లారిపోయింది, ఉప్పు కొంచెం తక్కువైంది. కింద ఎవరో లారీలోంచి పెట్టెలు దించుతున్నారు. మొదటి ముద్ద పట్టుకుని ఆగాను. అద్దం వైపు చూశాను. అక్కడ పిన్నిగారూ, ఆవిడ పక్కన ఆ అమ్మాయీ ఉన్నారు. ఇద్దరూ నాకోసం ఆగి ఉన్నారు.

“కానివ్వండి” అన్నాను.